అర్జీ పరిష్కారమైందన్నారు, మెట్లు అక్కడే ఉన్నాయి

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లకు,

నమస్కారం.

నేనొక మండల కేంద్రంలో జిరాక్స్ షాపు అరుగు మీద టేబుల్ వేసుకుని అర్జీలు రాసిపెడతాను. పద్నాలుగేళ్లుగా ఇదే నా బతుకుదెరువు. రెండో ఏట పోలియో వచ్చింది. ఎడమ కాలికి క్యాలిపర్, కుడి చంకలో కర్ర. మా చుట్టుపక్కల ఊళ్ల వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల స్లాట్లు, పింఛను దరఖాస్తులు, బస్సు పాసు కాగితాలు, పరీక్షలో రాసిపెట్టే మనిషి కోసం ఇచ్చే లెటర్లు చాలావరకు నా చేతి మీదుగానే వెళ్తాయి. కాబట్టి ఇందులో రాసేది నా ఒక్కదాని గోడు కాదు. నా టేబుల్ ముందు కూర్చుని చెప్పుకున్నవాళ్లందరిదీ.

మా తహసీల్దారు ఆఫీసుకు ర్యాంపు కట్టించమని, అక్కడి మరుగుదొడ్డిని వీల్‌చైర్ పట్టేలా మార్చమని సోమవారం అర్జీల రోజున మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిదానికి ఉలుకూ పలుకూ లేదు. రెండోదానికి నిధులు రాగానే చూస్తామన్నారు. మూడోదానికి ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఆ మెసేజ్ వచ్చిన పూట నేను అదే ఆఫీసు ముందు, అదే మూడు మెట్ల కింద ఆటోలో కూర్చుని ఉన్నాను. నాన్న పోయాక పొలం మా పేర్లకు మార్చే విచారణ ఆ రోజు. అన్నదమ్ములిద్దరూ లోపలికి వెళ్లారు. గుమస్తా బయటికి వచ్చి నాతో సంతకం పెట్టించుకుని వెళ్లాడు. మనిషి మంచివాడే, ఎండలో ఎందుకమ్మా అని మంచినీళ్లు కూడా ఇచ్చాడు. కానీ నా వాటా గురించి లోపల ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. సాయంత్రం అన్నయ్య చెబితే తెలిసింది. మా అన్నయ్య నిజమే చెప్పాడు. అందరి అన్నయ్యలూ చెప్పరు.

జిల్లా పేరు గానీ ఆఫీసు పేరు గానీ రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క ఆఫీసుకు నోటీసు ఇచ్చి ఊరుకుంటారు. ఒక రాష్ట్రంలో సోమవారం అర్జీలను ప్రజావాణి అంటారు, ఇంకో రాష్ట్రంలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు. రెండు చోట్లా మా అర్జీలకు పట్టే గతి ఒకటే కాబట్టి ఈ లేఖ అందరికీ కలిపి రాస్తున్నాను.

కొత్త వరం ఏదీ అడగడం లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. 2017 జూన్‌లో నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి ఐదేళ్లలోగా ప్రభుత్వ భవనాలన్నీ మేం వాడుకునేలా మార్చాలని సెక్షన్ 45 చెబుతోంది. ఆ గడువు 2022 జూన్‌లోనే అయిపోయింది. చూపులేని రాజీవ్ రాటూరి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో ఒకసారి ఆదేశాలిచ్చింది. అమలు ఎంతవరకు వచ్చిందో చూసి చెప్పమని మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికే పని అప్పగించింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబరు 8న మళ్లీ తీర్పు ఇస్తూ, అందుబాటు ప్రమాణాలు ఇష్టముంటే పాటించే సలహాలు కావు, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలుగా రాయండి అని కేంద్రానికి మూడు నెలలు గడువు పెట్టింది. నా టేబుల్ దగ్గరికి వచ్చే ఎవరికీ ఈ తీర్పుల సంగతి తెలియదు. ఆఫీసుల్లో తెలిసినవాళ్లూ నాకు కనబడలేదు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 22 లక్షల 66 వేల మంది వికలాంగులమని తేలింది. అది 21 రకాలను గుర్తించకముందు లెక్క. ఇంతమందిమి లోపలికి రాలేకపోతే ఏమవుతుందో నాకు తెలిసిన మేరకు రాస్తాను.

1. మెట్లు, ర్యాంపు, మరుగుదొడ్డి

ర్యాంపు ఉందని లెక్కల్లో రాసుకున్న ఆఫీసులు నేను చాలా చూశాను. ర్యాంపుకు కొలత ఉంటుంది సార్. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. రెండున్నర అడుగుల ఎత్తుకు ఐదడుగుల ర్యాంపు కట్టి బిల్లు పెట్టుకుంటే అది జారుడుబల్ల. చక్రాల కుర్చీని వెనక నుంచి ఇద్దరు తోసినా ఎక్కదు, దిగేటప్పుడు మనిషి ముందుకు పడతాడు. కొన్నిచోట్ల వాలు సరిగానే ఉంటుంది, మీద నున్నటి టైల్స్ వేస్తారు. వానాకాలం నా కర్ర ఎన్నిసార్లు జారిందో లెక్కలేదు. కొన్నిచోట్ల పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. కొన్నిచోట్ల ర్యాంపు మొదట్లోనే మురుగు కాలువ ఉంటుంది, దాని మీద పలక ఉండదు. అన్నీ సరిగా ఉన్నచోట స్టాఫ్ మోటారు సైకిళ్లు నిలబెట్టి ఉంటాయి.

మరుగుదొడ్డి గురించి రాయడానికి మొహమాటపడ్డాను. రాయకపోతే ఎవరికీ తెలియదని రాస్తున్నాను. ఆఫీసు పని ఉన్న రోజు పొద్దుట లేచింది మొదలు నేను నీళ్లు ముట్టను. ఎండాకాలం కూడా. ఇంటికి వచ్చాకే తాగుతాను. నాలాంటి ఆడవాళ్లంతా ఇదే చేస్తారు, ఒకరికొకరం చెప్పుకోకుండానే అందరం ఇదే నేర్చుకున్నాం. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎందుకు తిరగబెడుతోందని డాక్టరమ్మ అడిగితే ఈ మాటే చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. వికలాంగుల బొమ్మ వేసి కట్టిన మరుగుదొడ్డి ఒక పెద్ద ఆఫీసులో చూశాను. తాళం వేసి ఉంది. తాళం తీయిస్తే లోపల పాత ఫైళ్లు, చీపుళ్లు, విరిగిన కుర్చీలు.

కొత్త భవనాల సంగతి ఇంకా బాధ. నియమాల ప్రకారం లేని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదని, కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వకూడదని సెక్షన్ 44 స్పష్టంగా చెబుతోంది. అయినా కొత్త బ్యాంకులు, కొత్త కల్యాణ మండపాలు ఐదేసి మెట్లతోనే లేస్తున్నాయి. పాత భవనానికి వందేళ్ల కిందటి తాత మేస్త్రీని తప్పుపట్టలేం. నిన్న కట్టినదానికి ఎవరో ఒకరు సంతకం పెట్టారు కదా.

2. సదరం

పింఛను ఇస్తున్నందుకు ప్రభుత్వాలకు కృతజ్ఞతలు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000, తెలంగాణలో 4,016 వస్తోంది. తెలంగాణలో 6,000 చేస్తామన్న మాట 2023 ఎన్నికల నాటిది. ఆ డబ్బుతో బియ్యం, మందులు కొనుక్కుంటున్న ఇళ్లు నాకు తెలుసు. ఆ డబ్బుకు ముందు ఉన్నది సర్టిఫికెట్. బస్సు పాసుకు, బడికి, ఉద్యోగానికి, బండికి, అన్నిటికీ అదే తాళంచెవి.

స్లాట్లు తెరిచారని తెలిసి నేను ఫోను ముందు కూర్చునే లోపు అయిపోతాయి. దొరికినా నెలల తర్వాతి తేదీ. దూరంగా పెద్దాసుపత్రి. కండరాలు కరిగిపోయే జబ్బున్న పంతొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు మా పక్క ఊళ్లో ఉన్నాడు. వాణ్ని తండ్రి భుజాన వేసుకుని, పోనూ రానూ 1,800 రూపాయలకు ఆటో మాట్లాడుకుని వెళ్లాడు. మొదటిసారి ఆ రోజు డాక్టరు సెలవన్నారు. రెండోసారి సర్వరు పనిచేయలేదు. మూడోసారి సర్టిఫికెట్ ఇచ్చారు గానీ తాత్కాలికం అని రాశారు, గడువు తీరాక మళ్లీ రావాలట. ఆ జబ్బు వెనక్కి తిరగదు. మార్పు వచ్చే అవకాశం లేని వైకల్యానికి శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. ఆ తండ్రి కూలిమనిషి. మూడు ఆటోల ఖర్చు, మూడు రోజుల కూలి కలిపితే ఆ ఇంటికి ఎంత నష్టమో మీరే లెక్కేయండి.

సర్టిఫికెట్ నెలలో ఇవ్వాలని ముందు నిబంధన ఉండేది. 2024 అక్టోబరులో దాన్ని మూడు నెలలు చేశారు. ఆ మూడు నెలల్లోనైనా చేతికి వచ్చినవి నా టేబుల్ మీద తక్కువే.

చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఉంది, తలసేమియా ఉంది, మానసిక జబ్బు ఉంది, చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది ఉంది. మా దగ్గర క్యాంపుకు వచ్చేది ఎముకల డాక్టరు, కళ్ల డాక్టరు, చెవి డాక్టరు. ఆటిజం ఉన్న బిడ్డ తల్లిని 'ఇక్కడ కాదమ్మా' అని పట్నం పంపుతారు. పట్నంలో 'మీ జిల్లాలోనే చేయించుకోండి' అంటారు. సర్టిఫికెట్‌లో వైకల్యం నలభై శాతానికి ఒక్కటి తగ్గినా ఏ రిజర్వేషనూ ఉండదు, పింఛనూ ఉండదు. ఆ ఒక్క శాతం ఎలా తగ్గిందో అర్థమయ్యేలా చెప్పేవారు ఉండరు. మా ఒంటి గురించి మా ఎదుటే మాట్లాడుకుంటారు, మమ్మల్ని మాత్రం ఏమీ అడగరు.

దొంగ సర్టిఫికెట్లున్న మాట నిజం. వాటిని పట్టుకోండి, వాళ్లు తినేది మా వాటానే. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్లు తిరిగి తనిఖీ చేసినప్పుడు మంచం మీదున్నవారి ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లాయి. అంటే డాక్టరు ఇంటికి రావడం జరిగే పనే. ఏరివేయడానికి ఇంటికి రాగలిగినవారు ఇవ్వడానికి కూడా రాగలరు. మోకాలి కింద కాలు తీసేసిన మనిషిని మళ్లీ మళ్లీ పిలిపించి కాలు లేదని రాయించడం ఎవరికి ఉపయోగం?

3. వేలిముద్ర

కుష్ఠు నయమైన ఒక తాతకు వేళ్లు కొసల దాకా లేవు. రేషను షాపులో మిషను మీద ఏం పెట్టాలి? పక్కింటి కుర్రాడి ఫోనుకు ఓటీపీ పెట్టించుకున్నాడు. ఆ కుర్రాడు ఊళ్లో ఉన్న నెల బియ్యం వస్తాయి, లేని నెల రావు. బ్యాంకులో కళ్లార్పమని అడిగే యాప్ ముందు చూపులేని మనిషి ఏం చేస్తాడు? యాసిడ్ దాడికి గురైన వారి కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఈ సంగతే చెప్పింది, డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని. మనిషిని చూసి, కార్డు చూసి, రిజిస్టరులో రాసి ఇచ్చే పద్ధతి ప్రతి రేషను షాపులో, ప్రతి పింఛను పంపిణీలో ఉండి తీరాలి. డీలరు దయ మీద వదలకండి.

4. బడి

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కలచివేసేది ఇది.

సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని జబ్బు, ఉన్న తొమ్మిదేళ్ల బాబు మా ఊరి బడికి వెళ్తాడు. తెలివైనవాడు, ఎక్కాలు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. వాళ్లమ్మ వాణ్ని ఎత్తుకెళ్లి బడిలో దించి సాయంత్రం నాలుగింటి దాకా వరండాలో కూర్చుంటుంది. వాణ్ని ఒంటికీ రెంటికీ తీసుకెళ్లే మనిషి బడిలో లేరు కాబట్టి. అలా మూడేళ్లు. ఆమె కూలి పోయింది. ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంది, అమ్మ బడి వరండాలో ఉంటే ఇంటి పని ఆ పిల్ల మీద పడింది. ఒక ఆయాను పెట్టకపోవడం వల్ల ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల బతుకులు ఆగిపోయాయి. బాబు ఆరో తరగతికి వస్తే హైస్కూలు రెండు కిలోమీటర్లు. ఎత్తుకుని వెళ్లలేనక్కా, మాన్పించేస్తానంది మొన్న. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదివించాలని సెక్షన్ 31లో ఉందని చెప్పాను. 'ఫీజు గురించి కాదక్కా, నా నడుము గురించి' అంది.

మండలాల్లో మా పిల్లల చదువు కోసం భవిత కేంద్రాలున్నాయి. మంచి ఆలోచన. అక్కడ పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది, ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతం మీద, ఎండలో ఊరూరూ తిరుగుతారు. కానీ మండలం మొత్తానికి ఒకరో ఇద్దరో. ఫిజియోథెరపీ చేసేవారు వారంలో ఒక రోజు వస్తారు, పండగ ఆ రోజే పడితే ఆ వారం లేనట్టే. ఇంటి వద్ద విద్య అని రిజిస్టరులో పేరున్న పిల్లల్లో కొందరికి నెలకు ఒక్కసారి కూడా పాఠం చెప్పేవారు రావడం లేదు. అది ఆ టీచర్ల తప్పు కాదు. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పది మందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులోనే చెప్పింది. పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ప్రైవేటు బడుల సంగతి వేరు. పిల్లాణ్ని చూడగానే 'మా దగ్గర ఇలాంటివారికి సౌకర్యం లేదండీ' అని మర్యాదగా గేటు వేస్తారు. ప్రభుత్వ గుర్తింపు పొందిన ఏ బడీ వివక్ష చూపకూడదని సెక్షన్ 16. ఆ మాట రాసిన కాగితం తల్లిదండ్రుల చేతికిచ్చి పంపాను. కాగితం చూసి ప్రిన్సిపాల్ నవ్వారట. డీఈవో ఆఫీసు నుంచి ఒక్క ఫోను వెళ్లి ఉంటే నవ్వేవారు కాదు.

5. పరీక్ష, ఉద్యోగం

చూపు మందగించిన ఒక డిగ్రీ అమ్మాయి రాసిపెట్టే మనిషిని తనే వెతుక్కుని, లెటరు తీసుకుని, పరీక్ష హాలుకు వెళ్లింది. ఆ లెటరు చెల్లుతుందో లేదో తేల్చడానికి వాళ్లకు ముప్పావుగంట పట్టింది. గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని నియమం ఉంది. ఆ అదనం సంగతి దేవుడెరుగు, పోయిన ముప్పావుగంట కూడా తిరిగి ఇవ్వలేదు. ఆ పేపరు తప్పింది. ఇంట్లో 'చదివింది చాల్లే' అన్నారు. నలభై శాతం సర్టిఫికెట్ లేకపోయినా రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్విజిలేటర్లకు పరీక్షకు ముందు రోజు పది నిమిషాలు ఈ సంగతి చెబితే చాలు.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారికి చూపు లేదని ఇంటర్‌లో సైన్సు ఇవ్వలేదు. ఆయన కోర్టుకు వెళ్లి చదివారు, అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు, తిరిగి వచ్చి కంపెనీ పెట్టి ఎందరికో పని ఇచ్చారు. అందరూ ఆయన పట్టుదల గురించి చెబుతారు. కోర్టుకు వెళ్లలేక ఆర్ట్స్ గ్రూపులో చేరిపోయినవాళ్లు, చదువే మానేసినవాళ్లు నా టేబుల్ ముందుకు వస్తారు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకు నాలుగు శాతం. చూపుకు ఒకటి, వినికిడికి ఒకటి, కదలికకు ఒకటి, ఆటిజం, మేధోవైకల్యం, మానసిక జబ్బు లాంటివాటికి కలిపి ఒకటి. ఈ చివరి ఒక్క శాతం కింద ఉద్యోగం వచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మీ జిల్లాలో ఎన్ని బ్యాక్‌లాగ్ పోస్టులున్నాయో, ఎన్నేళ్లుగా ఉన్నాయో గోడ మీద అంటించండి. చూపులేనివారు జడ్జీలు కూడా కావచ్చని 2025 మార్చి 3న సుప్రీంకోర్టు అన్నాక, జిల్లా స్థాయి పోస్టుల ప్రకటనల్లో మమ్మల్ని ముందే పక్కన పెట్టే షరతులు ఎవరు రాస్తున్నారో ఒకసారి చూడండి.

6. బస్సు

పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు నా మోకాలి పైకి వస్తుంది. నేను ఎక్కడానికి నిమిషం పడుతుంది. కర్ర కనిపిస్తే ఆపకుండా పోయే డ్రైవర్లున్నారు, దిగి వచ్చి చెయ్యి పట్టి ఎక్కించే కండక్టర్లూ ఉన్నారు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినందుకు సంతోషం, నేనూ ఆ టికెట్టు మీదే వెళ్తున్నాను. కానీ బస్సులు పెరగకుండా మనుషులు పెరిగారు. మాకని రాసిపెట్టిన సీటు దగ్గరికి చేరడమే కుదరడం లేదు. కొత్తగా కొనే బస్సులైనా నేల తక్కువ ఎత్తులో ఉన్నవి కొనండి. పాత బస్సుల్లో ముందు తలుపు దగ్గరి సీటు ఖాళీ చేయించే బాధ్యత కండక్టరుదని రాతలో ఇవ్వండి.

7. వినబడనివారి మాట

మాట, వినికిడి లేని ఒక చెల్లెలు కాన్పుకు ఆసుపత్రిలో చేరింది. భర్తకూ వినబడదు. ఆపరేషను చేస్తున్నామని అత్తగారికి చెప్పారు, సంతకం అత్తగారితో పెట్టించారు. ఏం జరుగుతోందో ఆ పిల్లకు థియేటర్లోకి తీసుకెళ్లేదాకా తెలియదు. తర్వాత నా దగ్గరికి వచ్చి కాగితం మీద రాసింది: 'నా కడుపు కోసే ముందు నన్ను అడగలేదు.' ఆమె పదో తరగతి పాసైంది, చదవగలదు. ఒక కాగితం, పెన్ను ఇచ్చినా సరిపోయేది. భారతీయ సంజ్ఞా భాషకు 10,000 పదాల నిఘంటువు 2021లోనే వచ్చింది. ప్రతి జిల్లా ఆసుపత్రికి, పోలీసు స్టేషన్లకు వీడియో కాల్‌లో పలికే ఒక దుబాసీ ఉంటే ఎంతో మందికి తమ మాట తామే చెప్పుకునే వీలు కలుగుతుంది. ఫిర్యాదు చేయడానికి వచ్చిన అమ్మాయికి ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేస్తోందో ఆ బంధువే దుబాసీ అయితే ఆ కాగితంలో ఏముంటుందో ఆలోచించండి.

8. డిసెంబరు 3

ప్రపంచ వికలాంగుల దినోత్సవమని ఏటా ఆ రోజున మమ్మల్ని పిలుస్తారు. శాలువాలు, పండ్లు, మూడు చక్రాల బళ్లు, ఫొటోలు. బండి అవసరమే. కొలత తీసుకోకుండా అందరికీ ఒకే సైజు ఇవ్వడం వల్ల సగం ఇళ్లలో అవి బట్టలారేసుకోవడానికి పనికొస్తున్నాయి. పోయినసారి సభ వేదిక మీద మా కోసం సభ పెట్టినవారున్నారు, మేం కింద టెంటులో ఉన్నాం. వేదికకు నాలుగు మెట్లు. సన్మానం అందుకోవాల్సిన పెద్దాయనను ఇద్దరు ఎత్తి పైన పెట్టారు. ఆయన కళ్లలో నీళ్లు చూసి సంతోషమనుకుని చప్పట్లు కొట్టారు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. అదే ఏడు ప్రపంచ పోటీల్లో బంగారం తెచ్చింది. మేధోవైకల్యం ఉన్న పిల్ల అని ఊళ్లో చిన్నప్పుడు వెక్కిరించిన మాటలు ఆ తల్లిదండ్రులే చెప్పుకున్నారు. ఆ పిల్ల పరుగు ఒక శిక్షకుడి కంట పడింది. ప్రతి మండలంలోనూ వ్యాయామం మాస్టారు ఆటల పీరియడులో మా పిల్లల్ని 'నువ్వు కూర్చోమ్మా' అని గోడ పక్కన కూర్చోబెడుతున్నారు.

ఇక మేం అడుగుతున్నవి.

ముప్పై రోజుల్లో పైసా ఖర్చు లేకుండా అయ్యేవి ముందు. ర్యాంపు లేని ఏ ఆఫీసులోనైనా వికలాంగులు వస్తే విచారణ కింది అంతస్తులో, ఆ మనిషి ఎదుట జరగాలి. ఆమెను బయట ఉంచి లోపల నిర్ణయం తీసుకోకూడదు. తాళాలు వేసిన మరుగుదొడ్లు తెరిచి శుభ్రం చేయించండి. ర్యాంపుల మీది మోటారు సైకిళ్లు తీయించండి. అర్జీదారు చూసి సరేనని సంతకం పెట్టేదాకా ఏ అర్జీనీ పరిష్కరించినట్టు మూసేయకండి. సెక్షన్ 23 ప్రకారం ప్రతి కార్యాలయంలో మా ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. ఆ అధికారి పేరు, ఫోను నంబరు గేటు దగ్గర బోర్డు మీద రాయించండి.

మూడు నెలల్లో జిల్లాలోని ప్రభుత్వ భవనాలన్నీ టేపు పట్టుకుని కొలవండి. కొలిచే బృందంలో వీల్‌చైర్ వాడేవారొకరు, చూపులేనివారొకరు, ఒక మహిళ ఉండాలి. కొలతలు బయట పెట్టండి. సెక్షన్ 72 చెప్పిన జిల్లా స్థాయి కమిటీని నెలకోసారి కూర్చోబెట్టండి, అందులో మా మనుషులుండాలి. కొలత తప్పిన ర్యాంపును కాంట్రాక్టరు తన డబ్బుతో తిరిగి కట్టాలి, సర్టిఫికెట్ ఇచ్చిన ఇంజనీరు జవాబు చెప్పాలి. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉందని సెక్షన్ 89లో చదివాను. ఎవరితోనూ జరిమానా కట్టించాలని మాకు కోరిక లేదు. కానీ ఒక్కరైనా కట్టినట్టు వింటే మిగతావారు టేపు కొనుక్కుంటారు.

వచ్చేసారి బడులు తెరిచేలోగా మండల స్థాయిలో సదరం క్యాంపులు, కదలలేనివారికి ఇంటి దగ్గరే పరీక్ష, మారని వైకల్యానికి శాశ్వత సర్టిఫికెట్. అవసరమైన పిల్లలున్న ప్రతి బడికి ఒక ఆయా, హైస్కూలు దూరమైతే ఆటో. ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులు ఎన్ని కావాలో మీ జిల్లా లెక్క ప్రభుత్వానికి పంపండి, ఆ లెక్క మాకూ చూపండి. పరీక్షల్లో రాసిపెట్టేవారి జాబితా జిల్లాకొకటి తయారు చేయండి. ఆ జాబితా తయారీకి కావలసిన సాయం మేం చేస్తాం, పేర్లు మా దగ్గరున్నాయి.

ఈ లేఖకు జవాబు ఫోను మెసేజ్‌లో వద్దు. ఏ పని, ఏ తేదీలోగా, ఎవరి బాధ్యత అని కాగితం మీద రాసి పంపండి. ఆ కాగితాన్ని నా టేబుల్ వెనక గోడకు అంటించి, వచ్చినవారందరికీ చదివి వినిపిస్తాను.

నేను కూర్చునే జిరాక్స్ షాపుకు కూడా ఒకప్పుడు రెండు మెట్లుండేవి. నేను రెండుసార్లు పడ్డాక షాపు యజమాని వాటిని కొట్టించి వాలు కట్టించాడు. మేస్త్రీ తాడుతో కొలిచాడు, నన్ను కర్రతో నడిపించి చూసి ఇంకో రెండడుగులు పొడవు పెంచాడు. నాలుగు బస్తాల సిమెంటు, ఒక్క రోజు పని.

ఇట్లు,
మీ జిల్లాల్లో ఒక జిల్లా నుంచి,
అర్జీలు రాసిపెట్టే ఒక మహిళ